ఉప్పుగాలికి కుట్టిన సంచి

మధ్యాహ్నం రెండు గంటలు. ఎండ. గాలి లేదు. ఒకటే ఉక్క.

జూన్ ఆఖరి వారం. వేట నిషేధం ఎత్తేసి పది రోజులైంది. ఆ పొద్దున మా పాలెం నుంచి ఏడు పడవలు వెళ్లాయి. ఏడింటిలో ఇరవై తొమ్మిది మంది. అందులో ఒక పడవ నడిపేది మా అబ్బాయి కామేసు.

మత్స్యకారుల సొసైటీ గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అది అప్పటికి రెండుసార్లు ఆరిపోయింది. ముట్టుకుంటే అప్పుడే దించిన అట్ల పెనంలా ఉంది.

గాలి ఎటునుంచి, అల ఎంత ఎత్తు, అది అందులో చూసి చెప్పడం నా పని. పొద్దున మైకులో చెబుతాను. పడవలు వెళ్లాక వైర్‌లెస్ సెట్టులో చెబుతాను. మా పాలెంలో ఫోన్లు ఇసుకదిబ్బ ఎక్కితేనే పలుకుతాయి. సొసైటీ గదికి మాత్రం తీగ మీద నెట్ వచ్చింది. నా ఈడు ఆడవాళ్లలో పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. అందుకని ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో నేర్పింది మాత్రం మాసేను తాత.

తాత నలభై ఏళ్లు సరంగు. మా పాలెంలో పడవ నడిపే ప్రతివాడూ ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఎనభై దాటాయి. కళ్లకు పొర కమ్మింది. వెలుగు, నీడ తప్ప తెలియదు. రోజూ వచ్చి సొసైటీ గది గుమ్మం దగ్గర చాప మీద కూర్చుంటాడు. నేను ఆయన శిష్యురాలినని చెప్పుకుంటే మగవాళ్లు నవ్వుతారు. తాత నవ్వడు.

నాకు ఆయన చెప్పినవి రెండే.

ఒకటి, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువు, నీ భయం అందులో కలపకు.

రెండు, సాయంత్రం పడవలు లెక్కపెట్టేటప్పుడు నీ పడవని ఆఖర్న చూడు. ముందు చూశావంటే మిగతావి కనపడవు.

రెండూ నాకు చేతకాలేదు.

కిందటి శుక్రవారం ఉత్తరాన మబ్బు కమ్మింది. తెర మీద ఏమీ లేదు. అయినా సెట్టు తీసుకుని, వచ్చేయండి, వచ్చేయండి అని అరిచాను. ఏడు పడవలూ ఖాళీ వలలతో వచ్చాయి. గంటలో మబ్బు విడిపోయింది. ఆ రోజు నుంచి పాలెంలో ఏ గిన్నె బోర్లాపడి చప్పుడైనా, నా పేరు పెట్టి, అదిగో కాసులమ్మ తుఫాను అంటున్నారు. పిల్లలు కూడా.

నా భయం వాళ్లకు తెలియనిది కాదు. మూడేళ్ల కిందట మా మరిది ఇలాంటి ఉక్కరోజునే వేటకు వెళ్లాడు. అప్పటికి ఈ లాప్‌టాప్ లేదు, చెప్పేవాళ్లు లేరు. సాయంత్రం గాలి లేచింది. వాడి పడవ రాలేదు. వాడూ రాలేదు. మా ఆయన ఆ రోజు నుంచి సముద్రంలో కాలు పెట్టలేదు. ఇసుకలో కూర్చుని వలలు బాగుచేస్తాడు. అల ఆయన దాకా వస్తే లేచి వెనక్కి జరుగుతాడు.

ఆ మరుసటి ఏడు సొసైటీకి లాప్‌టాప్ వచ్చింది. దాన్ని నేను కంటికి రెప్పలా చూసుకున్నాను. మా గాలిలో ఉప్పు ఉంది, ఇసుక ఉంది. ఇనప తలుపులే ఏడాదికి చిల్లులు పడతాయి. టార్పాలిన్ ముక్క తెచ్చి, లోపల దుప్పటి గుడ్డ వేసి, వల దారంతో దానికి సంచి కుట్టాను. తెర చూడడానికి, మీటలు కొట్టడానికి ముందువైపు మాత్రం తెరిచి ఉంచాను. కింద మెత్తగా బొంత వేశాను. రాత్రీ పగలూ ఆపేదాన్ని కాదు. ఆపితే మళ్లీ రాదేమోనని భయం.

అది వేడెక్కడం ఈ ఏడే మొదలైంది. శ్రీకాకుళంలో బాగుచేసేవాడికి ఫోన్ చేస్తే, పాతబడిపోయింది కదమ్మా, కొత్త మోడల్ తీసుకోండి అన్నాడు. తెచ్చి చూపించమన్నాడు. ఒక్క రోజు కూడా దాన్ని వదిలి ఉండలేక తీసుకెళ్లలేదు.

ఆ మధ్యాహ్నం సొసైటీ ప్రెసిడెంటు పరదేశి బావ వచ్చాడు. చేతిలో కొత్త మోడల్ బొమ్మ ఉన్న కాగితం.

"ఏటి మరదలా, మళ్లీ పడుకున్నాదా?"

"రెండుసార్లు ఆరిపోయింది బావా."

"రేపు శ్రీకాకుళం ఎల్దాం. కమిటీ ఒప్పుకున్నాది. ఇదుగో, ఇది పలచగా అప్పడంలాగుంటాదట."

కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

గుమ్మం దగ్గర తాత చెవి ఇటే ఉంది. లాప్‌టాప్ నా కూతురన్నట్టు, రోజూ అడిగేదే అడిగాడు. "మీ గుంటకి ఈయాల జొరం ఎంతే?"

"పేలిపోతోంది తాతా. కొత్తది కొనీమంటావా?"

తాత చాప మీద ఇటు తిరిగాడు.

"కొత్తదానికీ ఇలాటి సొక్కాయే కుడతావా?"

"కుట్టకపోతే ఎలాగ? ఉప్పుగాలి."

"ఊఁ," అన్నాడు.

నేను మళ్లీ బటన్ నొక్కాను. తెర వెలిగింది. వాతావరణం పేజీ తెరుచుకుంది. పైన ఎర్ర గీత. గీత కింద అక్షరాలు ఒక్కొక్కటే వస్తున్నాయి.

హెచ్చరిక. ఈ సాయంత్రం...

అంతే. తెర నల్లబడింది.

బటన్ నొక్కాను. వెలగలేదు. మళ్లీ నొక్కాను. లోపల చిన్న గుర్రుమన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"ఏటైనాది?" అన్నాడు తాత.

"ఎర్ర గీత వచ్చింది తాతా. ఈ సాయంత్రం అని ఉంది. ఆ తర్వాత ఏముందో చూడలేదు."

తాత మొహం సముద్రం వైపు తిప్పాడు. చెయ్యి చాపి వేళ్లు విడదీసి పట్టుకున్నాడు. గాలి లేదు. అలలు కూడా పెద్దగా చప్పుడు చెయ్యడం లేదు. మా మరిది వెళ్లిన రోజూ ఇలాగే ఉంది.

నేను సెట్టు అందుకున్నాను. తాత అన్నాడు, "ఏటి సెప్తావు?"

"వచ్చేయమని."

"ఎందుకంటే?"

ఎన్ని గంటలకో తెలియదు. గాలి ఎటో తెలియదు. కిందటి శుక్రవారం కూడా ఇలాగే అరిచాను.

"సెట్టు దగ్గరే ఉండమను. వలలు కొత్తగా ఎయ్యొద్దను. మిగతాది సూసి సెప్తానను."

అలాగే చెప్పాను. ఒక్కొక్క పడవా పలికింది. నాలుగో పడవలో గరికి సింహాద్రి, నా అక్క కొడుకు, నవ్వాడు.

"ఏటి పిన్నీ, మళ్లీ నీ తుఫానేనా? ఈపాలి మబ్బు కూడా నేదు కదే."

వెనక ఇంకెవరో నవ్వారు. ఆఖర్న మా కామేసు పలికాడు. అందరికన్నా దూరంలో ఉన్నాడు. వాడు నవ్వలేదు. "అలాగే అమ్మా," అన్నాడు.

ఆ గొంతు విన్నాక నాకు చెయ్యి నిలవలేదు. బటన్ నొక్కుతూనే ఉన్నాను. విసనకర్రతో సంచి మీద విసిరాను. సంచి మీద నీళ్లు చల్లాను. దిబ్బ ఎక్కి ఫోన్‌లో అడుగుదామంటే సెట్టు వదిలి వెళ్లలేను. ఏడుపు వస్తోంది. ఏడవడానికి కూడా టైం లేదు.

తాత లేచి, గోడ పట్టుకుని లోపలికొచ్చాడు. చేత్తో తడుముకుంటూ బల్ల దాకా వచ్చాడు. లాప్‌టాప్ మీద సంచి దొరికింది. దాన్ని ఊడబెరికాడు.

బాగుచేస్తాడనుకున్నాను.

ఆ సంచిని నా తలకు తొడిగాడు. భుజాల దాకా లాగి, మెడ దగ్గర రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు.

"ఇప్పుడు సదువు," అన్నాడు.

లోపల చీకటి. టార్పాలిన్ వాసన, ఉప్పు వాసన. నా ఊపిరే వేడిగా తిరిగొచ్చి మొహానికి కొట్టింది. నోరు తెరిచాను. హెచ్చరిక, అన్నాను. ఈ సాయంత్రం, అన్నాను. మూడో మాటకు ఊపిరి అందలేదు. గుండె చప్పుడు చెవుల్లోకి వచ్చింది. మా మరిది ఆఖర్న ఇలాగే ఉండి ఉంటాడా అనిపించింది.

"తాతా, ఊపిరాడట్లేదు."

ఆయన వదల్లేదు. ఇంకో క్షణం పట్టుకునే ఉన్నాడు. తర్వాత తీసేశాడు.

చెమట కారుతున్న నా నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అలాగే తీసి లాప్‌టాప్ మీద పెట్టాడు.

మళ్లీ వెళ్లి చాప మీద కూర్చున్నాడు.

నేను లాప్‌టాప్‌ను బోర్లా తిప్పాను.

అప్పుడు చూశాను, రెండేళ్ల కిందట నా చేత్తో నేను చేసిన పని. అడుగున సన్నటి చిల్లులు వరసగా ఉండేవి. పక్కన ఇంకో వరస. వెనక ఒకటి. అన్నిటి మీదా ప్లాస్టర్ టేపు అంటించాను. ఒక పొర ఊడినట్టు కనబడితే దాని మీద ఇంకో పొర. ఈ ఏడు వేసవిలో ఇంకో రెండు పొరలు వేశాను. అంచుల వెంట వేలితో నొక్కి మరీ అంటించాను.

మా ఇళ్లలో పిల్లకు నడక రాకముందే చిల్లు మూయడం వస్తుంది. పడవలో నీటిబొట్టు కనబడితే ఎవరూ ఎవరినీ పిలవరు. ముందు వేలు పెడతారు. చిల్లు అంటే మాకు చావు. చిల్లు కావాలని ఎవరైనా పెడతారని నాకు తోచనే లేదు.

గోటితో లాగాను. టేపు వేడికి కరిగి పట్టుకుపోయింది. గోరు విరిగింది. పళ్లతో లాగాను. వల కోసే కత్తి తెచ్చి అంచు లేపాను. ఒక్కో పొర వస్తుంటే కింద దూది పట్టినట్టు దుమ్ము. ఊదాను. ఆఖరి టేపు ఊడాక చిల్లుల్లోంచి వేడి సెగ నా చేతికి కొట్టింది. ఎవరో లోపల చాలాసేపు ఊపిరి బిగబట్టుకుని వదిలినట్టు.

బొంత తీసి అవతల పారేశాను. బల్ల మీద రెండు గవ్వలు పెట్టి, వాటి మీద దాన్ని ఎత్తుగా ఆనించాను.

బటన్ మీద వేలు పెట్టబోయాను.

"సల్లారనీ," అన్నాడు తాత.

"తాతా, పిల్లలు సముద్రం లోపల ఉన్నారు."

"సల్లారనీ."

పది నిమిషాలు. గోడ మీద గడియారం చూశాను. అంత పొడుగు పది నిమిషాలు నా పురుళ్లలో కూడా లేవు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బటన్ ముట్టుకోలేదు. తాత కూడా కదల్లేదు. ఆయన పెదాలు ఏదో అంటున్నాయి. పడవల పేర్లనుకుంటా.

రెండూ ముప్పైకి నొక్కాను.

తెర వెలిగింది. లోపల గాలి తిరుగుతున్న చప్పుడు వచ్చింది. రెండేళ్లలో ఆ చప్పుడు నేను వినలేదు. ఎర్ర గీత వచ్చింది. ఈసారి అక్షరాలన్నీ వచ్చాయి.

సెట్టు తీసుకున్నాను. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివాను.

"హెచ్చరిక. ఈ సాయంత్రం నాలుగు నుంచి ఏడు గంటల మధ్య తీరం వెంట పడమటి నుంచి ఈదురుగాలులు. గంటకు అరవై కిలోమీటర్ల వరకు. వేటకు వెళ్లినవారు వెంటనే ఒడ్డుకు చేరాలి."

మళ్లీ చదివాను. అరవలేదు.

కాసేపు సెట్టులో గరగర. పడమటి గాలి అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఒడ్డు మీద నుంచి లేస్తుంది. పడవను రానివ్వదు, లోపలికి తోసేస్తుంది.

సింహాద్రి పలికాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు. "తెర మీద ఉన్నాదా పిన్నీ?"

"తెర మీద ఉన్నాది నాయనా."

"వల కోసీసి వస్తన్నాం."

ఒక్కొక్కరూ పలికారు. కామేసు ఆఖర్న. "మాకు గంటన్నర పడతాదమ్మా."

గడియారం చూశాను. నాలుగు దాటుతుంది. ఆ మాట సెట్టులో అనలేదు. "రా నాన్నా," అన్నాను.

నాలుగు కావొస్తుండగా తాతను చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్లాను. పాలెం అంతా అక్కడే ఉంది. పడమట తాటితోపు వెనక ఆకాశం పెనం అడుగులా నల్లబడింది. మొదటి గాలి ఇసుకను లేపి మా పిక్కల మీద కొట్టింది. తర్వాత వాన. ఏటవాలు వాన. పట్టపగలే పది బారల అవతల ఏముందో కనబడలేదు.

తాత ఏదో తల మీద కప్పుకున్నాడు. చూస్తే నేను కుట్టిన సంచి.

"ఈ పనికైతే సంచి మంచిదే," అన్నాడు.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

పరదేశి బావ తడిసి ముద్దై నా పక్కకు వచ్చాడు. "మరదలా, అది మళ్లీ పనిచేసిందటగా. మరి రేపు కొత్తదానికి ఎల్దామా, ఒద్దా?"

వాన కాస్త పలచబడింది. సముద్రం మీద చుక్కలు కనబడుతున్నాయి.

"లెక్కెట్టవే," అన్నాడు తాత. "నాకు కనబడదు కదా."

రోజూ నా కళ్లు మొదట కామేసు పడవ పచ్చజెండా కోసమే వెతుకుతాయి. ఆ రోజు వాటిని పట్టి ఆపాను. మెడలో పుస్తెలు గుప్పిట పట్టుకుని, దగ్గరున్నవి ముందు చూశాను.

"ఒకటి. సూరాడ ఎర్రయ్యది. నలుగురూ ఉన్నారు."

"ఊఁ."

"రెండు. చోడిపల్లివాళ్లది. నలుగురు."

మూడోది అలలో ఒరిగింది. మళ్లీ లేచింది. అందులో ఐదుగురు. నాలుగోది సింహాద్రిది. ఇసుకలో దిగీ దిగగానే నా వైపు చూశాడు. చెయ్యెత్తి దణ్ణం లాంటిది పెట్టాడు. ఐదు, ఆరు జంటగా వచ్చాయి.

"ఇరవై ఐదు మంది, తాతా."

"ఊఁ."

ఆ తర్వాత ఏమీ రాలేదు.

గాలి ఇంకా పెరిగింది. ఒడ్డు మీద కట్టిన తాళ్లు ఈలలు వేస్తున్నాయి. పది నిమిషాలు. ఇంకో పది. ఆడవాళ్లు ఒకరిద్దరు నా దగ్గరకు జరిగి నిలబడ్డారు. ఎందుకు జరిగారో నాకు తెలుసు. మూడేళ్ల కిందట మా తోడికోడలి దగ్గరకు నేనూ ఇలాగే జరిగాను.

ఊపిరి పీల్చాను. వదిలాను. మళ్లీ పీల్చాను.

తాత నా చెయ్యి వదల్లేదు. "ఇంజన్ చప్పుడు," అన్నాడు.

నాకు వినబడలేదు. ఎవరికీ వినబడలేదు.

"దక్షిణం కాడ," అన్నాడు తాత.

అల మీద ముక్కు కనబడింది. పోయింది. మళ్లీ కనబడింది. జెండా లేదు. జెండా కర్ర కూడా లేదు. పడవ ఒడ్డుకు ఎదురుగా రాలేక అడ్డంగా కొట్టుకొస్తోంది. తాడు విసిరారు. నీళ్లలో పడింది. మళ్లీ విసిరారు. మళ్లీ పడింది.

అప్పుడు జనంలోంచి ఒక మనిషి నీళ్లలోకి పరుగెత్తాడు. మోకాలు దాకా, నడుం దాకా, మెడ దాకా. ఒక అల ఆయన్ని ముంచేసింది. తేలేసరికి తాడు కొస చేతిలో ఉంది. వెనక నుంచి పదిమంది దిగారు. లాగారు.

పడవ ఇసుకను రాసుకుంటూ ఆగింది.

"లెక్కెట్టవే," అన్నాడు తాత మెల్లిగా.

"ఇరవై ఆరు. మైలపల్లి గోవిందు." ఒక్కొక్కరూ దిగుతున్నారు. "ఇరవై ఏడు. వాడి తమ్ముడు. ఇరవై ఎనిమిది. ముసలి దానయ్య."

పడవ నడిపేవాడు ఆఖర్న దిగాలి. దిగాడు. దవడ మీద నెత్తురు. నిలబడ్డాడు.

"ఇరవై తొమ్మిది," అన్నాను.

"సరిపోయింది," అన్నాడు తాత.

తాడు కొస ఇంకా గుప్పిట్లోనే పట్టుకుని, ఒళ్లంతా నీళ్లు కారుతూ, కొడుకు వెనకాల మా ఆయన సముద్రంలోంచి నడిచి వస్తున్నాడు.

"ముప్పై, తాతా," అన్నాను. "ముప్పై."